గ్లామర్ అంటే ఏందో అమ్మమ్మ ముందే చెప్పింది

మా అమ్మమ్మకి చదువు రాదు, రేషన్ షాపులో కూడా వేలిముద్రే. కానీ సినిమా పత్రికలంటే ప్రాణం. వేసవి సెలవులకి చీరాల పక్కన మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళామంటే నాకు ఒక డ్యూటీ ఉండేది, మధ్యాహ్నం మామయ్య గుంటమగ్గంలో కూర్చుని నేస్తుంటే, అమ్మమ్మ రాట్నం తిప్పుతూ కండెలు చుడుతుంటే, నేను చాప మీద బోర్లా పడుకుని పత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పైకి చదవాలి. మగ్గం చప్పుడు మీద వినపడాలంటే గొంతు చించుకోవాల్సిందే. నాకప్పుడు పదేళ్ళు ఉంటాయేమో. ఆ పత్రికల్లో పేజీకి పదిసార్లు ఒక మాట వచ్చేది, గ్లామర్. గ్లామర్ ఒలకబోసింది, గ్లామర్ పాత్రలకే పరిమితమైంది, వయసు పెరిగినా గ్లామర్ తగ్గలేదు, ఇట్లా.

ఒకరోజు అమ్మమ్మ రాట్నం ఆపి అడిగింది, "ఇందాకట్నుంచి గ్లామరు గ్లామరు అంటన్నావ్, ఏందే అది?" అని.

"అందం అమ్మమ్మా. మామూలు అందం కాదు, బాగా మెరిసే అందం" అన్నా.

అమ్మమ్మ పత్రికలో ఉన్న సినిమా బొమ్మ వంక చూసింది. అందులో ఉన్న హీరోకి అప్పటికే యాభై దాటాయి, పక్కనున్న అమ్మాయికి ఇరవై కూడా ఉండవు, ఇద్దరూ కాలేజీ పిల్లల్లాగా పుస్తకాలు పట్టుకుని నిలబడ్డారు. "ఆయనకి మీ తాతంత వయసు. కుర్రోడిలాగా కనపడతన్నాడంటే అది అందం ఎందుకవుద్దే, కనికట్టు" అంది. నాకు కోపం వచ్చింది. నీకేం తెలీదు అమ్మమ్మా, ఇది ఇంగ్లీషు మాట, దీనికీ కనికట్టుకీ సంబంధం లేదు అని గట్టిగా చెప్పేసి మళ్ళీ చదవడం మొదలుపెట్టా. ఆవిడ ఏమీ అనలేదు, సరేలే చదువు అని రాట్నం తిప్పుకుంది.

కనికట్టు అనే మాట ఇప్పుడు చాలామంది పిల్లలకి తెలీకపోవచ్చు. ఆ రోజుల్లో ఊళ్ళోకి గారడీవాళ్ళు వచ్చేవాళ్ళు, బుట్ట కింద మామిడి టెంక పెట్టి గుడ్డ కప్పి తీస్తే మొక్క, మళ్ళీ కప్పి తీస్తే కాయ. మేం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే అమ్మమ్మ మాత్రం అక్కడ మొక్కా లేదు కాయా లేదు, వాడు మన కళ్ళని కట్టేశాడు, అందుకే అట్టా కనపడతంది అనేది. ఉన్నదాన్ని వాడు మార్చలేదు, మన చూపుని కట్టాడు. ఎంత సరైన మాట అసలు.

ఇది జరిగిన చాలా ఏళ్ళకి, 2008లో, టెక్స్‌టైల్స్ చదవడానికి నేను స్కాట్లాండ్ వెళ్ళా. ఎడింబరో నుంచి బస్సులో గంటన్నర దక్షిణానికి పోతే గాలాషీల్స్ అని చిన్న ఊరు, ట్వీడ్ నదికి దగ్గర్లో. అక్కడివాళ్ళు గాలా అంటారు. ఒకప్పుడు ఉన్ని మిల్లులతో కళకళలాడిన ఊరు, నేను వెళ్ళేసరికి చాలా మటుకు మూతపడిపోయాయి, అచ్చం మన నేత ఊళ్ళలాగే ఖాళీ షెడ్లు, తలుపులకి తాళాలు. మొదటి వారం ఆ షెడ్లు చూసి నాకు ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

నేను గది అద్దెకి తీసుకున్న ఇంటావిడకి డెబ్భై దాటాయి. చిన్నప్పట్నుంచీ మిల్లులో పనిచేసిందట, డార్నర్ అంటారు, అంటే మగ్గం మీద నుంచి దిగిన బట్టని వెలుతురుకి పట్టి, ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ ముడి పడిందో, ఎక్కడ పేక తప్పిందో కంటితో, వేలితో వెతికి సూదితో సరిచేసే పని. ఆవిడ నన్ను హెన్ అని పిలిచేది. మొదటిరోజు కోడిపెట్ట అంటుందేంటి అని మనసు చివుక్కుమంది, తర్వాత తెలిసింది అక్కడ ఆడపిల్లల్ని ముద్దుగా అట్లాగే పిలుస్తారని, మన బుజ్జీ లాగా. ఆవిడ ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది కాదు. అది ఇంగ్లీషు కాదు స్కాట్స్ అని, అది వేరే అని, దాన్ని చెడిపోయిన ఇంగ్లీషు అని బడిలో కొట్టేవాళ్ళని చెప్పింది ఒకసారి. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం చూస్తే, మా ఊరి యాస మాట్లాడితే నవ్విన కాలేజీ రోజులు గుర్తొచ్చాయి నాకు.

నవంబరులో ఒక సాయంత్రం, నాలుగింటికే చీకటి, వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఆవిడ ఒక పాట పాడుతోంది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పాటట. ఒక జమీందారు కోట గుమ్మం దగ్గరికి జిప్సీలు వచ్చి ఎంతో తీయగా పాడతారు, పాట విని ఆ ఇంటి దొరసాని చెలికత్తెలతో మెట్లు దిగి వస్తుంది, ఆమె అందమైన మొహం చూడగానే వాళ్ళు ఆమె మీద... ఇక్కడ ఆవిడ పాడిన మాట విని నేను చేతిలో తువ్వాలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయా. గ్లామర్ వేశారు. ఆమె మీద గ్లామర్ విసిరారు.

అందంగా ఉన్నది ఆవిడ కదా, గ్లామర్ వాళ్ళు వెయ్యడమేంటి అని అడిగా. ఆవిడ చేతులు తుడుచుకుని, తన రెండు కళ్ళ ముందూ అరచెయ్యి అడ్డంగా ఆడించి, అందం కాదు హెన్, గ్లామర్ అంటే ఇది, కళ్ళ మీద వేసేది, లేనిది ఉన్నట్టు కనపడేలా చేసేది అంది. స్కాట్స్‌లో కళ్ళని ఈన్ అంటారు. ఈన్ మీద గ్లామర్ వెయ్యడం.

కనికట్టు. ఆ మాట నా నోట్లోంచి తెలుగులోనే పైకి వచ్చేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత కొన్ని నెలలు చదువు పక్కన పెట్టి మరీ కాలేజీ లైబ్రరీలో, ఊరి లైబ్రరీలో ఆ ఒక్క మాట వెంట తిరిగా. మనం హాలీవుడ్ మాట అనుకునే గ్లామర్ పాత స్కాట్స్ మాట. పైగా అది పుట్టింది గ్రామర్ నుంచి! వ్యాకరణం అని మనం బడిలో బట్టీపట్టే గ్రామరే. తెలుగులో రాసి చూడండి, గ్రామర్, గ్లామర్, మధ్యలో తేడా ఒక్క వత్తు. ర పోయి ల వచ్చింది, అంతే. పాత రోజుల్లో యూరప్‌లో గ్రామర్ అంటే లాటిన్ చదువు, అంటే మొత్తం చదువే. ఆ చదువు గుప్పెడుమందికే ఉండేది. చదువు రాని జనానికి పుస్తకం పట్టుకుని ఏదో అర్థం కాని భాష గొణిగేవాడు మంత్రగాడిలాగే కనపడ్డాడు. దాంతో గ్రామర్ అన్నమాటకే మంత్రవిద్య అనే అర్థం అంటుకుంది. ఫ్రెంచివాళ్ళు మంత్రాల పుస్తకాన్ని గ్రిమ్వార్ అంటారు, అదీ ఈ చెట్టు కొమ్మే.

ఇది చదివినప్పుడు నాకు అమ్మమ్మ మెళ్ళో తాయెత్తు గుర్తొచ్చింది. రాగిరేకు మీద ఏవో బీజాక్షరాలు గీసి చుట్టి ఇచ్చిన తాయెత్తు. ఆవిడకి ఒక్క అక్షరం రాదు, కానీ ఆ అక్షరాలు తనని కాపాడతాయని ఎంత నమ్మకమో! చదవగలిగిన నాకు అక్షరం అంటే పరీక్ష, చదవలేని ఆవిడకి అక్షరం అంటే శక్తి.

ఆ మాటని కవిత్వంలో ఎవరెవరు వాడారా అని చూస్తూ పోతే అదొక పండగ. 1720లో ఎడింబరోలో అలన్ రామ్సే అనే కవి, వృత్తికి విగ్గులు చేసేవాడు, లండన్‌లో షేర్ల పిచ్చి పెరిగి కుప్పకూలి జనం నాశనమైపోయినప్పుడు దాని మీద పద్యం రాశాడు. డబ్బు కోసం ఆత్మని అమ్ముకునే మంత్రగత్తె కళ్ళ మీద సైతాను తన మోసపు గ్లామర్ ఎట్లా వేస్తాడో, ఆ షేర్ల ఆశ కూడా అట్లాంటిదే అన్నాడు. అందాల ఊసే లేదు, పూర్తిగా మోసం. మా ఇంటావిడ పాడిన జిప్సీ పాటని పుస్తకంలో అచ్చు వేసినవాడు కూడా ఆయనే.

తర్వాత రాబర్ట్ బర్న్స్. 1789లో, గ్రోస్ అనే ఒక లావుపాటి కెప్టెన్ స్కాట్లాండ్ అంతా తిరుగుతూ పాత కోటలు, పాడుబడ్డ గుళ్ళు రాసుకుంటుంటే ఆయన మీద సరదాగా ఒక పద్యం కట్టాడు. అందులో గ్లామర్‌తో వ్యాపారం చేసే జిప్సీ మూకల్ని, నరకపు నల్ల గ్రామర్ లోతుగా చదివిన మంత్రగాళ్ళని వరసగా పిలుస్తాడు. గ్లామర్‌కి ప్రాస గ్రామర్! విడిపోయిన అక్కాచెల్లెళ్ళని పెళ్ళిపందిట్లో పక్కపక్కన కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాడు. ఆ రెండు మాటల చుట్టరికం బర్న్స్‌కి తెలిసి చేశాడో లేక చెవికి తియ్యగా తగిలి చేశాడో గానీ, నేను ఆ లైన్ల దగ్గర లైబ్రరీలో చాలాసేపు కూర్చుండిపోయా.

కానీ ఈ మాటని స్కాట్లాండ్ దాటించి లోకం మీదకి వదిలింది మాత్రం వాల్టర్ స్కాట్. ఆయన ఇల్లు ఆబట్స్‌ఫర్డ్ గాలాకి దగ్గరే, ట్వీడ్ ఒడ్డునే, 1832లో అక్కడే పోయాడు. పసితనంలో జబ్బు చేసి కుడికాలు పడిపోతే తాతగారి పొలానికి పంపించారు, అక్కడ ముసలాళ్ళ దగ్గర కూర్చుని కథలు పాటలు వినీ వినీ పెరిగాడు. 1805లో ఒక పెద్ద కథాకావ్యం రాశాడు, అందులో కథంతా మా చుట్టుపక్కలే జరుగుతుంది. మెల్‌రోజ్ అనే ఊళ్ళో పాత మఠంలో మైఖేల్ స్కాట్ అనే మాంత్రికుడి సమాధి, అందులో ఆయన మంత్రాల పుస్తకం, అర్ధరాత్రి ఒక యోధుడు గుర్రం మీద వెళ్ళి దాన్ని బయటికి తీస్తాడు. అది ఒక మరుగుజ్జు పిశాచి చేతిలో పడితే వాడు ఎట్లాగో తెరిచి ఒకే ఒక్క చిన్న మంత్రం చదవగలుగుతాడు, ఇంకోటి చదివేలోపే ఎవరో కనపడకుండా ఒక్కటిచ్చి కింద పడేస్తారు. ఆ చదివిన ఒక్క మంత్రమే గ్లామర్. దాంతో ఏమేం చెయ్యచ్చో వాల్టర్ స్కాట్ వరసగా చెబుతాడు, దొరసాని వీరుడిలా కనపడుతుంది, కాయ పెంకు బంగారు పడవలా, గొర్రెలకాపరి గుడిసె పెద్ద మేడలా, చెరసాల గోడ మీద సాలెగూడు దొరల హాల్లో వేలాడే చిత్రాల నేత తెరలా, పడుచుదనం ముసలితనంలా, ముసలితనం పడుచుదనంలా, అంతా భ్రమే తప్ప నిజం లేదు అని.

ముసలితనం పడుచుదనంలా. అమ్మమ్మ చెప్పిందే కదా ఇది, ఆ పత్రికలో బొమ్మ చూసి!

సాలెగూడు దగ్గర నాకు ఇంకో మెలిక తగిలింది, నేతవాళ్ళ పిల్లని కాబట్టి. మన భాషలో ఆ పురుగు పేరే సాలెపురుగు, సాలె అంటే నేతగాడు. అది కట్టేది మనకి ముందే నేత, గ్లామర్ అక్కర్లేకుండానే.

మైఖేల్ స్కాట్ కట్టుకథ మనిషి కాదు. పదమూడో శతాబ్దం మొదట్లో బతికిన పెద్ద పండితుడు, స్పెయిన్‌లోని టొలీడోలో కూర్చుని అరబ్బీ నుంచి లాటిన్‌లోకి పుస్తకాలు తెచ్చాడు, ఫ్రెడరిక్ చక్రవర్తి కొలువులో ఉన్నాడు. కానీ జనం దృష్టిలో అంత చదివినవాడు మాంత్రికుడు కాక ఇంకేమవుతాడు, ఇటలీ కవి డాంటే అయితే తన కావ్యంలో ఏకంగా నరకంలో మంత్రగాళ్ళ పక్కన పడేశాడు. మెల్‌రోజ్ వెనకాల ఈల్డన్ కొండలు మూడు శిఖరాలతో ఉంటాయి, ఒకే కొండని సైతాను చేత ఒక్క రాత్రిలో మూడుగా చీల్పించింది ఆయనే అని మా ఇంటావిడ ఎంత మామూలుగా చెప్పేదో, ఫలానా మేస్త్రి ఫలానా గోడ కట్టాడు అన్నట్టు. ఒక మనిషి జీవితమే గ్రామర్ నుంచి గ్లామర్‌కి మారిపోయింది.

ఒక ఆదివారం ఏప్రిల్‌లో ఇద్దరం మెల్‌రోజ్ వెళ్ళాం. పైకప్పు లేని ఆ ఎర్రరాతి మఠంలో ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని తిప్పింది, పైన గోడకి బ్యాగ్‌పైప్ ఊదుతున్న పంది బొమ్మ ఉంటుంది అదీ చూపించింది. తర్వాత నది ఒడ్డున బల్ల మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న శాండ్‌విచ్‌లు తిన్నాం, సూర్ ప్లూమ్స్ అని గాలా వాళ్ళ ఆకుపచ్చ పుల్లటి చాక్లెట్లు తిన్నాం. వాల్టర్ స్కాట్ కథలో ఆ పిశాచి గ్లామర్ వేసుకుని వేషం మార్చి ఒక పిల్లాడిని ఎత్తుకుపోతుంటే దారిలో ఒక వాగు అడ్డం వస్తుంది, పారే నీళ్ళు తగలగానే కనికట్టు విడిపోయి అసలు రూపం బయటపడుతుంది. ఆ సంగతి చెబుతూ ఆవిడ ట్వీడ్ నీళ్ళ వైపు చూపించింది.

ఆరోజే ఇంకో కథ చెప్పింది, నాకు అన్నిటికంటే ఇష్టమైంది. వాల్టర్ స్కాట్ ఈ కొండల్లో తిరిగి పాటలు సేకరించి 1802లో అచ్చు వేశాడు కదా, ఆ పాటలు పాడినవాళ్ళలో జేమ్స్ హాగ్ అనే గొర్రెలకాపరి కవి వాళ్ళమ్మ ఒకావిడ. ఆవిడ స్కాట్‌ని మొహం మీదే కడిగేసిందట. అవి పాడుకోడానికి కట్టినవి, చదువుకోడానికి కాదు, నువ్వు అచ్చు వేసి వాటి మంత్రం చెడగొట్టావు, ఇంకెవరూ పాడరు, పైగా నువ్వు రాసిందాంట్లో అక్షరాలూ సరిగ్గా లేవు, కూర్పూ సరిగ్గా లేదు అని. స్కాట్ లాంటి మనిషితో ఆ పల్లెటూరావిడ అంత మాట అనగలిగిందంటే నాకు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. అయితే ఆవిడ చెప్పినట్టు పూర్తిగా జరగలేదు కూడా. నేను 2008లో గాలాలో ఒక వంటింట్లో గిన్నెలు తుడుస్తూ ఆ కొండల పాటల్లో ఒకటి విన్నాగా.

ఆ పాటల పుస్తకానికి స్కాట్‌కి సాయం చేసిన జాన్ లేడెన్ అని ఇంకో కుర్రాడు ఉన్నాడు, డెన్హమ్ అనే పక్క ఊరివాడు. ఒక పాటలో మిగతా ముక్క ఎవరో ముసలావిడకి తెలుసని విని నలభై యాభై మైళ్ళు నడిచి వెళ్ళి నేర్చుకుని మళ్ళీ నడిచి వచ్చాడట. ఆయన 1803లో డాక్టరుగా మన మద్రాసుకి వచ్చి, దక్షిణాది భాషలు ఒక్కోటీ నేర్చుకుంటూ తిరిగి, 1811లో బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, జ్వరంతో పోయాడు, నిండా ముప్పై ఆరేళ్ళు లేవు. డెన్హమ్‌లో ఆయన స్మారకం కట్టారు, నేను వెళ్ళి చూశా. మనవైపు నుంచి ఒక పిల్ల వచ్చి అక్కడ నిలబడిందని నాకొక్కదానికే తెలిసిన తృప్తి.

స్కాట్ చదివిన ఇంగ్లీషువాళ్ళు ఆ మాటని ఎత్తుకుపోయారు. మెల్లమెల్లగా మంత్రం పల్చబడి మెరుపు మిగిలింది, తర్వాత హాలీవుడ్ చేతిలో పడింది, అక్కడి నుంచి మద్రాసు స్టూడియోలకీ, ఆ సినిమా పత్రికలకీ, మా అమ్మమ్మ రాట్నం పక్కకీ వచ్చింది. వచ్చిన దాన్ని ఆవిడ మూడు ముక్కల్లో మళ్ళీ మొదటికి తీసుకెళ్ళింది, నేను కాదు పొమ్మన్నాను.

ఈ సంగతి అమ్మమ్మకి ఫోన్లో చెప్పా. కాలింగ్ కార్డు కొని, మామయ్య సెల్‌కి చేసి, అప్పటికే ఆవిడకి చెవుడు, గట్టిగా అరిచి చెప్పా, గ్లామర్ అంటే కనికట్టేనంట, నువ్వు చెప్పిందే రైటు, నేనే తప్పు అని. ఆవిడకి ఆ రోజు అసలు గుర్తే లేదు. "అట్టాగా" అంది. "ఆ ముసలామెకి ఎవరున్నారే? పిల్లలు చూస్తారా?" అంది. ఎవరూ దగ్గర లేరు అమ్మమ్మా, ఒక్కతే అన్నా. "అయితే నీ పెట్టెలో పెట్టిన చీర ఆమెకియ్యి" అంది.

బయల్దేరేటప్పుడు ఎవరైనా పెద్దవాళ్ళకి ఇవ్వడానికి ఉంటుందని మామయ్య నేసిన నూలు చీర ఒకటి పెట్టెలో పెట్టించింది. ఇచ్చా. ఆవిడ చీరని మెచ్చుకోలేదు, థాంక్స్ కూడా అప్పుడే చెప్పలేదు. కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తిరగేసి వెనకవైపు వెలుతురుకి పట్టింది. మా అమ్మమ్మ కూడా అంతే, ఎవరు ఏ చీర కట్టుకొచ్చినా చెంగు తిరగేసి వెనక చూస్తుంది. అంగుళం అంగుళం వేలితో తడుముకుంటూ పోయి, బాగా లోపలికి ఒకచోట ఆగింది. ఇక్కడ ఒక పోగు తెగింది హెన్, మళ్ళీ అతికారు, ఎవరో గానీ మంచి చెయ్యి అంది. నాకెంత వెతికినా అది కనపళ్ళేదు.

మళ్ళీ వారం ఫోన్ చేసినప్పుడు చెప్పా. అవతల కాసేపు ఏమీ వినపళ్ళేదు, లైన్ కట్ అయిందేమో అనుకున్నా. అప్పుడు అమ్మమ్మ అంది, "ఆ పూట కరెంటు పోయిందే. దీపం పెట్టుకుని అతికా. కనపడదులే అనుకున్నా."